మహర్నవమి నాడు ముట్టిన పుస్తకం

మొన్న మహర్నవమి నాడు మనవరాలిని వెంటబెట్టుకొని కర్నూల్లో కొత్తగా బాగుచేయించిన ఒక గ్రంథాలయానికి పోయాను. సెలవు రోజే అయినా పూజ ఉందని తలుపులు తీసే ఉంచారు. బాలల విభాగం గోడల నిండా జిరాఫీలు, ఏనుగులు, చేపలు. పిల్లల ఎత్తుకు తగిన కుర్చీలు. మా కాలంలో ఊహకైనా రాని రంగులు. బల్లల మీద వరుసగా ట్యాబులు పెట్టి ఉన్నాయి, పిల్లలు వేలితో తాకి కథలు చదువుకోవడానికి. ఒక్కొక్క ట్యాబు అద్దం నడుమ ఒక కుంకుమ బొట్టు, దాని కింద ఒక చేమంతి పువ్వు. నా మనవరాలు ఒకదాని మీదికి వేలు చాచింది. అక్కడ పనిచేసే అమ్మాయి, మంచి పిల్లే, నవ్వుతూనే అడ్డం వచ్చింది.

"ఈ పొద్దు ముట్టుకోగూడదు పాపా, పూజలో పెట్టినాం. రేపు రా, ఎంతసేపైనా సదువుకుందువు."

ఆ మాట నేను మొదటిసారి విన్నది బేతంచెర్లలో, ఉద్యోగం ఇంకా రాకముందు, శిక్షణలో ఉన్న రోజుల్లో. అప్పుడు ట్యాబులు లేవు, పుస్తకాలుండేవి. అంతే తేడా.

నాది బద్వేలు దగ్గర పల్లె. మా నాన్న వ్యవసాయం చేస్తూనే కడపలో ఎక్కడ సంస్కరణ సభ జరిగినా, ఎక్కడ మూఢనమ్మకాల మీద వాదప్రతివాదాలు పెట్టినా నన్ను బస్సెక్కించి తీసుకుపోయేవాడు. ఎదుటివాడి మాటనే పట్టుకొని వాడికే అడ్డం తిప్పడం నేను జడ వేసుకోవడం కన్నా ముందు నేర్చుకున్నాను. నా వయసు వాళ్లకు ఆ సభలు గుర్తుండే ఉంటాయి: రాత్రి తొమ్మిదైనా జనం కదలకపోవడం, వేదిక మీద ఒకాయన నిప్పుల మీద నడిచి చూపించి ఇందులో మహిమేమీ లేదనడం, ఇంటికి పోతూ అదే జనం దారిలో గుడి కనబడగానే చెంపలేసుకోవడం. అప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది. మనిషికి రుజువు చూపిస్తే చాలు, మారతాడని గట్టిగా నమ్మిన వయసు.

కర్నూల్లో గ్రంథాలయ శాస్త్రం సర్టిఫికెట్ కోర్సు చదివాక, ఆచరణ శిక్షణకు నన్ను బేతంచెర్లలో ఒక చిన్న గ్రంథాలయానికి పంపారు. మా పిన్ని వాళ్లది ఆ ఊరే కాబట్టి వసతికి ఇబ్బంది లేదు. గ్రంథాలయంలో ముందుగది పెద్దలది, పత్రికలకు, వెనకగది పిల్లలది. నా పని ఆ వెనకగదిలో. పెంకుల కప్పు, ఒక ఫ్యాను, గోడకు "నిశ్శబ్దం" అని రాసిన రేకు బోర్డు, తాళం వేసిన రెండు అద్దాల బీరువాలు. బీరువాల్లో పిల్లల పుస్తకాలన్నీ నల్లగా, ఒకే తీరుగా ఉండేవి. ఎందుకంటే కొత్త పుస్తకం రాగానే గట్టిదనం కోసం బైండింగుకు పంపేవారు, బైండరు బొమ్మలున్న అట్ట పీకి పారేసి నల్ల గుడ్డ అట్ట వేసి పంపేవాడు. కుందేలు కథా, లెక్కల పుస్తకమా అన్నది తెరిస్తే గాని తెలియదు. తెరవాలంటే తాళం తీయాలి.

తాళం చెవి లైబ్రేరియన్ సారు మొలతాడుకు ఉండేది. ఆయన్ను దుర్మార్గుడని రాస్తే నాకు సులువే గాని, ఆయన అట్లాంటి మనిషి కాడు. పెళ్లాం పోయి ఒంటరిగా ఉండేవాడు. పొద్దున వచ్చి ప్రతి పుస్తకాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, పొరపాటున ఒకటి కింద పడితే తీసి కళ్లకద్దుకొనేవాడు, చెదలు పట్టిన పుస్తకాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను స్వయంగా చూశాను. అంత ప్రేమించే మనిషి ఒక్క పుస్తకమైనా విప్పి చదవగా మాత్రం చూడలేదు. పుస్తకం ఆయనకు సరస్వతి. సరస్వతిని ఎవరైనా చదువుతారా? పూజిస్తారు.

అందుకని ఆయనొక పద్ధతి పెట్టాడు. పిల్లలు గది గడప దగ్గర నిలబడి రెండు చేతులూ చాచి చూపించాలి. శుభ్రంగా ఉంటేనే లోపలికి. మురికి ఉంటే కొళాయి దగ్గరికి. కొళాయిలో నీళ్లు మూడు రోజులకోసారి వస్తే గొప్ప. పేటలో అంగళ్ల వాళ్ల పిల్లలు, ఉద్యోగస్తుల పిల్లలు చేతులు చాచి నవ్వుతూ లోపలికి పోయేవారు. ఆగిపోయేది బండల పాలిష్ ఫ్యాక్టరీల పిల్లలు. అప్పట్లో ఆ ఊళ్లో ఎటు చూసినా బండలే. గనిలో తీసిన రాయిని కోసి, మిషను కింద పెట్టి నీళ్లు పోస్తూ నునుపు చేస్తారు. అప్పుడు వచ్చే తెల్ల బురదను గుడ్డతో తుడిచే పని పిల్లలది. ఆ బురద ఎండితే చేతి గీతల్లో, గోళ్ల సందుల్లో సున్నంలాగా పట్టుకొని ఎన్ని కడుగులు కడిగినా పోదు. ఆ చేతులు మురికివి కూడా కావు, నిజానికి ఊళ్లో అందరికంటే తెల్లగా ఉండేవి అవే. కాని నల్ల అట్ట మీద పడితే ఐదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు కనబడేవి. సారుకు ఆ వేలిముద్రలు చూస్తే ప్రాణం పోయినట్టుండేది.

ఆ పిల్లలు ఎప్పుడు వచ్చేవారనుకున్నారు? కరెంటు పోయినప్పుడు. కరెంటు పోతే మిషన్లు ఆగుతాయి, మిషన్లు ఆగితే పిల్లలకు విడుదల. మా గదిలో ఫ్యాను ఆగిందంటే నాకు తెలిసిపోయేది, ఇంకాసేపటికి గుంపు దిగుతుందని. ఊరంతా కరెంటోళ్లను తిట్టుకుంటుంటే వీళ్లు మాత్రం "పాయె, పాయె" అని కేకలేసుకుంటూ పరిగెత్తి వచ్చేవారు. నేను పిన్ని ఇంటినుంచి బకెట్టుతో నీళ్లు, ఒక పాత తువ్వాలు తెచ్చి గడప పక్కన పెట్టడం మొదలుపెట్టాను. సారు చూసి మళ్లీ పుస్తకాలు తుడుచుకోవడంలో పడ్డాడు. చేతులు తడిసి ఉన్నంతసేపూ తెల్లదనం కనబడదు; ఆ తడి ఆరేలోగా లోపలికి పోవాలి. అట్లా పోయినవాళ్లలో ఒక పిల్ల నాకు ఈనాటికీ కళ్లముందే ఉంది.

పదేళ్లుంటాయేమో. మూడో తరగతిలో బడి మానిపించారు. తండ్రి లేడు. తల్లీ, తల్లి తమ్ముడూ ఒకే ఫ్యాక్టరీలో పని, ఆ మేనమామ మాటే ఇంట్లో చెల్లుబాటు. ఈ పిల్ల చేతులు చాచే తీరే వేరు: మిగతావాళ్లు భయపడుతూ చూపిస్తే ఇది వేళ్లన్నీ విప్పి, ముందుకూ వెనక్కూ తిప్పి, సారు ముక్కు దగ్గరికి తెచ్చి చూపించేది. చదవడం మొదట్లో వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివేది, నెల తిరక్కముందే పరుగెత్తింది. ఒక్కటే చిక్కు. మిషన్ల మోతలో పెరిగిన పిల్లలు కదా, వాళ్లకు మెల్లగా మాట్లాడటమే తెలియదు. ఇది "నిశ్శబ్దం" బోర్డు కింద కూర్చొని, సముద్రం చూడాలని బయలుదేరిన తాబేలు కథను దండోరా వేసినట్టు చదివేది. ముందుగదిలో పత్రికలు చదివే పెద్దమనుషులు తలలు తిప్పేవారు. చిన్నపిల్లలు దాని చుట్టూ చేరేవారు. నడుమ కరెంటు వస్తే పుస్తకం అక్కడికక్కడే మూసి పరుగెత్తేది, తాబేలు ఏ ఏటి ఒడ్డునో ఆగిపోయేది.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీకి పోయి దాని మేనమామను కలిశాను. పాలిష్ మిషను మీద పనివాడు. తలనుంచి కాలిదాకా తెల్లగా, కళ్లు మాత్రం నల్లగా ఉన్నాడు. పిల్లను మళ్లీ బడిలో వేయమన్నాను.

"సదివి ఏం జేస్తాదమ్మా, నీ మాదిరి బుక్కులు తుడుస్తాదా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"బండలు తుడిచేదానికన్నా అది మేలే కదప్పా" అన్నాను.

వాడికి ఆ మాట నచ్చింది. కాసేపు బీడీ తాగి ఒక ఒప్పందం చెప్పాడు. "నేను ఒక్కచ్చరం ఎరగను. అది సదువుతాదో, సదివినట్టు నటిస్తాదో నాకెట్ల తెలుస్తాది? మహర్నవమి నాడు మిషన్లు నిలబెడ్తారు. ఆ దినం నేనే వస్తా. నేను ఏలు పెట్టి సూపిచ్చిన బుక్కు, ఏలు పెట్టిన కాగితం సదవల్ల. తడబడకుండ సదివితే సెలవులైనంక బళ్లో ఏస్తా. లేదంటే ఇంగ ఈ మాట ఎత్తగూడదు, సరేనా టీచరమ్మా?"

నేను సరేనన్నాను. ఆ పిల్ల ఆ రోజునుంచి సుద్దముక్క దొరికితే బండమీదా, పుల్ల దొరికితే బురదమీదా రాస్తూనే ఉంది.

మహర్నవమి వచ్చింది. పొద్దున్నే ఫ్యాక్టరీ దారిన వస్తూ చూశాను, మిషన్లన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టారు, బంతిపూల దండలు వేశారు, మిషన్లను తిప్పే తోలు బెల్టుకు కూడా బారెడు పొడవునా బొట్లు పెట్టారు. గ్రంథాలయంలో సారు అప్పటికే పూజ ముగించాడు. బీరువాల్లోని పుస్తకాలన్నీ తీసి పీట మీద గోపురంలా పేర్చి, పైన సరస్వతి పటం, ప్రతి పుస్తకం మీద కుంకుమ, పూలు. ఆ నాటి పత్రిక కూడా మడిచి అందులోనే పెట్టాడు. అచ్చు పడిన కాగితమంతా దేవత కిందికే పోయింది.

పది గంటలకు మేనమామ వచ్చాడు, ఉతికిన చొక్కా, నొసట బొట్టు. ఆ పిల్ల చేతులు రాయిపెట్టి రుద్దించుకొని, కొబ్బరినూనె పట్టించుకొని వచ్చింది. గోళ్ల సందుల్లో కూడా తెలుపు లేదు. గడప దగ్గర అలవాటుగా రెండు చేతులూ చాచింది. సారు వంగి చూశాడు. మెచ్చుకోలుగా తలాడించాడు కూడా. తరువాత అన్నాడు: "చేతులు బాగుండాయి తల్లీ. కానీ ఈ పొద్దు ఎవురూ ముట్టుకోగూడదు. అమ్మవారు పూజలో ఉండాది. రేపొద్దున రాండి."

రేపు పొద్దున వీలుకాదు. విజయదశమి నాడు మొదటి లోడు శుభమని ఫ్యాక్టరీ ఓనరు బెంగళూరుకు లారీ పెట్టాడు, మేనమామ దానిమీద పోవాలి, వచ్చి మళ్లీ మిషనెక్కాలి. ఈ సంగతి సారుకు చెప్పాను. గోడమీది నిశ్శబ్దం బోర్డు చూపించి ఇదైనా చదవనివ్వండి అంటే, మేనమామే నవ్వాడు, "అది ఒక్క మాటే గదమ్మా, మా మేకగ్గూడ తెలుసు" అని.

అప్పుడు నేను వాదించాను. నాన్న నేర్పిన విద్యంతా బయటికి తీశాను. చదివితే మైలపడే పుస్తకానికి చదువుల తల్లి పేరెందుకన్నాను. ఏడాది పొడవునా ఈ పిల్లలకు దొరికే ఒక్క పూర్తి సెలవు ఈ రోజే, ఆ రోజే పుస్తకాన్ని దాచిపెడితే దేవత ఎవరిని చూసి సంతోషిస్తుందన్నాను. సారు చాలాసేపు విన్నాడు. "నీకు జవాబు చెప్పలేనమ్మా," అన్నాడు చివరికి, "అయినా ముట్టుకోవద్దు."

వాదంలో గెలిచాను. పుస్తకం మాత్రం అంగుళం కదల్లేదు. అందుకని నేనే పోయి ఆ గోపురంలోంచి తాబేలు కథ తీసుకున్నాను. పటం కాస్త ఒరిగింది, రెండు పూలు రాలాయి. సారు గోడవైపు తిరిగి చేతులు జోడించి నిలబడ్డాడు. పిల్ల మేనమామ ముఖం చూసింది. వాడు వద్దనలేదు, చెప్పులు మాత్రం విడిచాడు. తరువాత మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి వేలు పెట్టాడు. పిల్ల చదివింది. ఎప్పటిలాగే, పైకప్పు పెంకులు అదిరేటట్టు. తాబేలు ఇసుక తిన్నె ఎక్కడం, అవతల గాలికి ఉప్పు వాసన తగలడం. వాడు పేజీలు తిప్పుతూ ఇక్కడ, ఇక్కడ అని వేలు పెడుతూ పోయాడు, అది ఆగకుండా చదువుతూ పోయింది. కాసేపటికి వాడు వేలు పెట్టడం మరచిపోయి కథ వింటూ కూర్చున్నాడు. "బళ్లో ఏస్తాలేమ్మా," అన్నాడు లేస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు. పుస్తకాన్ని కళ్లకద్దుకొని నాకిచ్చాడు.

బడి ఇంకా తెరవలేదు. వాడు బెంగళూరునుంచి వచ్చి మిషనెక్కిన రోజు బెల్టు తెగింది. తెగిన బెల్టు కుడిచేతిని లాక్కుపోయింది. నాలుగు వేళ్లు పోయాయి.

ఆ బెల్టు అరిగిపోయిందని పండగకు ముందే వాడు ఓనరుకు చెప్పాడు. పండగైనంక చూద్దామన్నారు. పండగకు దానికి పసుపు పెట్టారు, కుంకుమ పెట్టారు, దండ వేశారు, దండం పెట్టారు. మార్చలేదు. ఆ ఊళ్లో ఇంతమంది పెద్దమనుషులున్నారే, ఒక్కరైనా బెల్టు ఎందుకు మార్చలేదని ఓనర్ను అడగలేదు. అడిగే అవసరం రాలేదు, ఎందుకంటే జవాబు అప్పటికే ఊరంతా తిరుగుతోంది: మహర్నవమి నాడు ఆ పిల్ల పూజలో పుస్తకం తీసి చదివిందంట, అమ్మవారు ఊరుకుంటుందా అని. ఓనరు నోరు విప్పి ఆ మాట అన్నాడో లేదో నాకు తెలియదు. కాదని మాత్రం అనలేదు. మూఢనమ్మకం అమాయకుల అజ్ఞానమని మనవాళ్లు ఎన్నో సభల్లో చెప్పారు, నేనూ చెప్పాను. అది ఎవరి నెత్తిన నేరాన్ని దించి ఎవరి నెత్తిన పెడుతుందో ఆ నాడు చూశాను. లైబ్రేరియన్ సారు నన్ను తిట్టలేదు. "నేను వద్దన్నాను గదమ్మా" అని మాత్రం అన్నాడు, అది కూడా ఏడుస్తూ.

కర్నూలు ఆసుపత్రిలో మేనమామను చూడటానికి పోయాను. వాడికి నామీద కోపం లేదు, అదే నాకు మరీ బాధ. బెల్టు సంగతి ఎత్తాను. నీకు తెలుసు కదప్పా అది తెగేటట్టుందని అన్నాను.

"తెలుసమ్మా. అది తెగేదే," అన్నాడు, కట్టు కట్టిన చేతివైపు చూసుకుంటూ. "కానీ శానా దినాలు తెగకుండ ఉండి, సరిగ్గా ఇప్పుడే యాల తెగల్ల?"

ఎప్పుడు తెగినా మనిషి ఆ ప్రశ్నే వేసుకుంటాడు, దానికి జవాబు వేరే ఏమీ లేదు, అరిగిన తోలు ఏదో ఒకనాడు తెగుతుంది. ఆ మాటే చెప్పాను. వాడు తలాడించాడు, పెద్దవాళ్లు పిల్లల మాటకు తలాడించినట్టు.

వాడి కూలి పోయింది కాబట్టి పిల్ల కూలి ఇంటికి తప్పనిసరైంది. బడి తెరిచారు, అది పోలేదు. కరెంటు పోయినప్పుడల్లా మిగతా పిల్లలు వచ్చేవారు, ఇది రాలేదు. చివరికి నేనే ఆ పుస్తకం తీసుకొని ఫ్యాక్టరీకి పోయాను. నల్ల అట్ట మీద కుంకుమ మరక అట్లాగే ఉంది. పిల్ల ఆగిపోయిన మిషను పక్కన బండల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. పుస్తకం అందించబోయాను. సారు ముక్కు దగ్గరికి వేళ్లు విప్పి చూపించిన పిల్ల, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దక్కా. నేను ముట్టుకుంటే ఇంగెవురికన్నా ఏమన్నా అయితాది."

మోతలో పెరిగిన ఆ గొంతు అంత మెల్లగా మాట్లాడటం నేను అదే మొదలు వినడం. ఎదుట సారు ఉంటే వాదించేదాన్ని, ఓనరు ఉంటే వాదించేదాన్ని, ఊరంతా వచ్చి నిలబడినా వాదించేదాన్ని. పదేళ్ల పిల్ల వీపు వెనక దాచుకున్న చేతులతో ఏమని వాదించేది?

పుస్తకం తీసి ఇచ్చినందుకు నేను తప్పు చేశానని ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను. మళ్లీ ఆ గది, ఆ పీట, ఆ పిల్ల ఎదుట ఉంటే మళ్లీ తీస్తాను. కాని శిక్షణ ముగిసి, ఉద్యోగం వచ్చి, జిల్లాలో ఎన్నో ఊళ్లు తిరిగి, వ్యాసాలు రాసి, వేదికలెక్కి చప్పట్లు కొట్టించుకొని రిటైరైన ఈ దీర్ఘకాలంలో, గెలిచానని ఎవరైనా అంటే నాకు ఆ బండలే గుర్తొస్తాయి. బేతంచెర్ల రాయి ఇప్పుడు మన ఇళ్లన్నిటిలో ఉంది. నేను ఇది రాస్తున్న గదిలో నా పాదాల కింద కూడా ఉంది, అద్దంలాగా.

మారినవి మారాయి. ఫ్యాక్టరీల్లో అంత చిన్నపిల్లలు ఇప్పుడు కనబడరు, సంతోషమే. కరెంటు మునుపటిలా పోదు. అట్టల మీద బొమ్మలు పీకేవాళ్లు లేరు. గడప దగ్గర చేతులు చూపించమనేవాళ్లూ లేరు. నా తరం వాళ్లం ఇవన్నీ చూసి చదువు గెలిచిందని అనుకున్నాం, పండగ పూట ఒకసారి ఆ గదుల్లోకి తొంగి చూడకుండానే.

మొన్న ఆ బాలల విభాగంలో నేను చేతిరుమాలు తీసి ట్యాబు మీది బొట్టు తుడిచేశాను. ఆ ఉద్యోగిని "అయ్యో అమ్మా" అంది గాని చెయ్యి పట్టుకోలేదు. "చదువుకో తల్లీ" అన్నాను మనవరాలితో. అప్పుడు చూశాను, నా చిన్నది రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని నిలబడి ఉంది. అట్లా పెట్టుకోమని దానికి ఎవరూ చెప్పలేదు. అది ట్యాబు వంక చూడలేదు, నా వంకా చూడలేదు. ఆ ఉద్యోగిని వంక చూసింది.